గౌరిబిదనూరు అర్రే

గౌరిబిదనూరు అర్రే అంటే భూగర్భ అణుపరీక్షలను దూరం నుంచే పసిగట్టి, వాటి తీవ్రతను లెక్కగట్టేందుకు 1965లో నెలకొల్పిన సీస్మోమీటర్ల సముదాయం. హిందూపురానికి దక్షిణాన, తెలుగు బాగా వినిపించే కర్ణాటక సరిహద్దు ప్రాంతంలో ఉంది. బ్రిటిష్ అణుశక్తి సంస్థ తోడ్పాటుతో ఏర్పాటైన దీన్ని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నడుపుతోంది.

నేపథ్యం

1954 మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు ధూళి జపాన్ జాలర్ల పడవ మీద పడింది. నెల తిరగగానే, ఏప్రిల్ 2న, పరీక్షలు ఆపాలని నెహ్రూ పార్లమెంటులో కోరారు. అప్పట్లో పరీక్షల ప్రభావాన్ని ప్రధానంగా గాలి, వాన, పాలలో చేరిన రేడియోధార్మికతను బట్టి కొలిచేవారు. 1963 పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంతో, సంతకం చేసిన దేశాల పరీక్షలు భూమి లోపలికి వెళ్లాయి. అక్కడి నుంచి ధూళి బయటపడకపోయినా అదురు మాత్రం ఆగదు. 1957లో నెవాడాలో జరిగిన 1.7 కిలోటన్నుల రేనియర్ పేలుడు అలాస్కాలోనూ నమోదైంది.

పనితీరు

ఇక్కడి 20 సీస్మోమీటర్లు ‘ఎల్’ ఆకారంలో రెండు వరసలుగా ఉంటాయి. ఒక్కో వరస పొడవు సుమారు 22.5 కిలోమీటర్లు. సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో సాగే తరంగం ఒక వరస ఆ చివర నుంచి ఈ చివరకు చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఒక్కో పరికరాన్ని చేరే సమయంలోని ఈ తేడాలను బట్టి అది వచ్చిన దిక్కు తెలుస్తుంది. వాటిని సరిదిద్ది 20 రికార్డులను కలిపితే నేపథ్య సొద నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. సముద్ర తీరంలో ఇసుక నేల, అలల అదురు ఇలాంటి కొలతకు అడ్డు. గౌరిబిదనూరులో పురాతన గట్టి శిల ఉంది.

నమోదైన అదురు పేలుడుదా, భూకంపానిదా అన్నదీ తేల్చాలి. పేలుడు నేలను అన్ని వైపులకూ నెడుతుంది. భూకంపం కొన్ని దిక్కుల్లో నెట్టి, కొన్ని దిక్కుల్లో లాగుతుంది. పేలుడులో ఉపరితల తరంగాలు బలహీనంగా ఉంటాయి కూడా. రెంటినీ విడదీసేది ఈ లక్షణాలే.

పోఖ్రాన్ వివాదం

పేలుడు జరిగిందని చెప్పడం కంటే అది ఎంతటిదో చెప్పడం కష్టం. అదురు తీవ్రత (మాగ్నిట్యూడ్) అంచనా 0.3 మారితే, గట్టి శిలకు వాడే సూత్రం ప్రకారం శక్తి లెక్క రెండున్నర రెట్లు మారిపోతుంది. శిల రకం, లోతు కూడా ఫలితాన్ని మారుస్తాయి. 1998 మే 11న పోఖ్రాన్‌లో ఒకేసారి జరిపిన మూడు పేలుళ్ల మొత్తం శక్తి సుమారు 60 కిలోటన్నులని భారత్ ప్రకటించింది. విదేశీ భూకంప శాస్త్రవేత్తలు పలువురు 10–20 కిలోటన్నులే అన్నారు. పక్కపక్కన జరిగిన పేలుళ్ల తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని దిక్కుల్లో బలహీనపడ్డాయని బార్క్ వాదించింది. పేలుడు స్థలం నుంచి తీసిన నమూనాల రేడియోరసాయన విశ్లేషణనూ ఆధారంగా చూపింది. ఆ మూడింటిలో ఒకటైన థర్మోన్యూక్లియర్ పరికరం ఆశించినంత పేలలేదని, పరీక్షల్లో పాల్గొన్న కె. సంతానం 2009లో బహిరంగంగా చెప్పడంతో చర్చ మళ్లీ రాజుకుంది. బార్క్ తన లెక్కకే కట్టుబడింది.