మన్యంలో పాఠ పరిశీలన: తెరకు అందని కోయ మాట

ఖమ్మం మైదానం దాటి భద్రాచలం మన్యంలో అడుగుపెట్టినా బడిభాష తెలుగే. అక్కడి ఎందరో పిల్లల ఇంటిభాష మాత్రం కోయ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కోయతో సహా 8 భాషలను తరగతిలోకి తెచ్చింది.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలు 2 ఏళ్ల బి.ఎడ్.లో 20 వారాల పాఠశాల అనుభవాన్ని నిర్దేశించాయి. సహాధ్యాయుల పాఠాలను పరిశీలించడం అందులో భాగం. కోవిడ్ వల్ల 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ పాఠాలు దూరదర్శన్, టి-శాట్ తెరలకెక్కాయి.

వేరొక బడిలోని సహాధ్యాయి పాఠాన్ని తెరపై చూసే ఛాత్రోపాధ్యాయుడికి బోధనక్రమం, నల్లబల్ల కనిపిస్తాయి. తెలుగు ప్రశ్నకు పిల్లవాడు పక్కవాడితో కోయలో గుసగుసగా చెప్పిన జవాబు వినిపించదు. దాన్ని మౌనంగా నమోదు చేస్తే, వచ్చిన పిల్లవాడు రానివాడవుతాడు. కనుక పరిశీలన పత్రంలో పిల్లల ఇంటిభాషకు చోటుండాలి.