సెలవుల ఊరు కాకముందు అరకు

విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల మీద దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ ఇవాళ తెలుగువాళ్లకు చలికాలపు విడిది. అక్కడికి వెళ్లినవాళ్లు ఏమేం చేస్తారో అందరికీ తెలిసిందే: రైల్లో సొరంగాలు దాటడం, బొర్రా గుహలు చూడడం, సంతలో తిరగడం, థింసా నృత్యంలో నాలుగు అడుగులు వేయడం, బొంగు చికెన్ తినడం, వలిసె పూల మధ్య ఫొటో దిగడం, వస్తూ వస్తూ కాఫీ పొడి కొనుక్కోవడం. వీటిలో ఏదీ యాత్రికుల కోసం పుట్టింది కాదు. కొన్నింటి వెనుక కొండ జనం బతుకు అవసరాలున్నాయి, కొన్నింటి వెనుక ప్రభుత్వాల అవసరాలున్నాయి.

వందా నూటయాభై ఏళ్ల కిందట మైదానం మనిషికి ఈ కొండలంటే భయం. పులి కన్నా చలిజ్వరానికే ఎక్కువ జడిసేవారు. గాలికొండ మీద తెల్ల సిపాయిలకు ఆరోగ్య విడిది ఏర్పాటు చేయాలని 19వ శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు చేసిన ప్రయత్నం కూడా ఆ జ్వరాల వల్లే నిలవలేదు. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకే ‘ఏజెంట్’ హోదాలో ప్రత్యేక అధికారాలు ఇచ్చారు. ‘ఏజెన్సీ’ అన్న పేరు అప్పటి నుంచి వాడుకలో ఉంది. అరకు అప్పట్లో జయపురం జమీందారీ కిందిది. 1936లో ఒడిశా ఏర్పడి కోరాపుట్ ప్రాంతం అటు వెళ్లినప్పుడు ఈ లోయ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయింది. కొండదొర, బగత, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ, కోందు కుటుంబాలున్న ఈ పల్లెల్లో తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా కూడా వినిపించడానికి ఈ పాత సరిహద్దు ఒక కారణం.

యాత్రికుణ్ణి పైకి చేర్చే దారుల చరిత్ర అంత తియ్యనిది కాదు. ఏజెన్సీలో రోడ్లు చాలావరకు వెట్టితోనో, వెట్టి లాంటి కూలితోనో పడ్డాయి. లోయకు నైరుతిగా ఉన్న నర్సీపట్నం, చింతపల్లి, లంబసింగి వైపు రోడ్డు పనిలో కొండ జనం పడ్డ బాధ అల్లూరి సీతారామరాజు నడిపిన 1922–24 తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. ఇప్పుడు తెల్లవారుజామున మంచు చూడాలని లంబసింగికి కార్లలో ఎక్కేవాళ్లు ఆ దారినే వెళుతున్నారు. ఈ సంగతి అక్కడ ఒక బోర్డు మీద రాసి ఉంచితే బాగుండును. సర్కారు అవసరం కోసం పుట్టినవి దారులే కాదు: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోటే అరకులోని పద్మాపురం ఉద్యానవనం.

రైలు మరో అవసరం కోసం వచ్చింది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లలో ఆ దేశ సహకారంతో కొత్తవలస–కిరండోల్ మార్గం వేశారు. మైదానంలో బయలుదేరిన పట్టాలు యాభైకి పైగా సొరంగాలు దాటి, శిమిలిగుడ దగ్గర వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకు చేరతాయి. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఎత్తైనదిగా శిమిలిగుడ చాలాకాలం పేరు పొందింది. ఖనిజం మోసే బండ్ల మధ్యనే నడిచిన ప్యాసింజరు రైలు బొర్రా, అరకులను విశాఖ జనానికి ఒక్క పూట దూరంలోకి తెచ్చింది. 2017లో ఆ రైలుకు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. కొండవాళ్లకు మాత్రం అది అడ్డాకుల కట్టలు, పనస కాయలు, అనాస పళ్లు కిందికి దింపుకునే రైలు కూడాను.

అరకు గురించి తెలుసుకోవాలంటే గుహల కన్నా ముందు సంతకే వెళ్లాలి. అరకులో అది శుక్రవారం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లకూ ఒక్కో వారం ఉంది. రోడ్డు లేని కాలంలో జనం కోడికూతకే లేచి, మగవాళ్లు కావడి భుజాన వేసుకుని, ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగేవారు. చింతపండు, పసుపు, పిప్పళ్లు, కరక్కాయ, తేనె, కొండచీపుర్లు, రాగులు, సామలు, రాజ్‌మా వచ్చేవి. ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు, గాజులు, నూనె తిరిగి వెళ్లేవి. డబ్బు కన్నా మానిక, కుంచం కొలతల మీదే బేరం నడిచేది. మోసం కూడా అక్కడే జరిగేది. తట్ట సంతలోకి రాకముందే దారి మొగన కాచుకున్న షావుకారు మనిషి దాన్ని దింపించి, తన తూకంతో తూచి, తన లెక్కే చెప్పేవాడు. పంట చేతికి రాకముందే అప్పు ఇచ్చి, పసుపంతా తనకే పోయాలన్న షరతు పెట్టేవాడు. తీరని బాకీకి మనిషే కట్టుబడి పని చేయడాన్ని ఇక్కడ గొత్తి అన్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖ కేంద్రంగా ఏర్పడి అటవీ ఉత్పత్తులు కొనడం, సరుకులు అమ్మడం మొదలుపెట్టింది ఈ పట్టు సడలించడానికే. పట్టు కొంత సడలింది గాని, పూర్తిగా తెగలేదు.

సంత అంటే అమ్మకం, కొనుగోలు మాత్రమే కాదు. పెళ్లి మాటలు, చావు కబుర్లు, ఊరి తగువులు, అల్లుడి యోగక్షేమాలు అన్నీ అక్కడే తెలుస్తాయి. ముక్కుకు మూడు ముక్కెరలు పెట్టుకున్న పెద్దావిడ ముందు కెమెరా ఎత్తి ఫొటో తీసేసుకుని వెళ్లిపోయే అతిథికి ఇదేమీ కనబడదు. ముందు ఆవిడ దగ్గర పావు కిలో పసుపు కొని, ఏ ఊరని అడిగితే మాట దానంతట అదే సాగుతుంది.

థింసా పుట్టింది అమ్మవారి పండుగలకు, పెళ్లిళ్లకు. ఇందులో చాలా రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత పేర ఆడేది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు వరుసకట్టి, పక్కవాళ్ల వీపుల మీదుగా చేతులు కలుపుతారు. కుడి కొసన ఉన్నవాడు చేతిలో నెమలిపింఛాల కట్ట పట్టుకుని వరుసను నడిపిస్తాడు. మోరి ఊదుతుంటే, డప్పు, తుడుము, కిరిడి మోగుతుంటే గజ్జెల అడుగులు ఒకే పట్టున పడతాయి. వరుస పాములా మెలితిరిగి మళ్లీ మొదటి చోటికి చేరుతుంది. భాగ్ థింసా పులి నుంచి తప్పించుకోవడాన్ని చూపుతుంది, పోతర్ తోల ఆకు కోతను. బాయ థింసా దేవత పూనినవాడి ఆట. నాటికారి దీపావళికి వాల్మీకులు ఆడేది. ఒక ఊరి బృందం మరో ఊరికి వెళ్లి, ఆడి, కలిసి భోంచేసి వచ్చే ఆనవాయితీని సంకిడి కేల్‌బార్ అంటారు. అతిథితో కలిసి ఆడడం ఆ విధంగా ఇక్కడ పాత మర్యాదే. ఇప్పుడు హోటళ్ల ముందు, ఒకే రంగు చీరలు కట్టి, పావుగంటలో ముగించే థింసా దాని పొట్టి రూపం. దాని వల్ల కుటుంబాలకు ఆదాయం వస్తున్నది నిజం, రకాలు తగ్గి ఒక్కటే మిగులుతున్నదీ నిజం.

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళితే, ఊళ్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, పాట పాడి పండుగ మామూలు అడుగుతారు. కొత్తవాళ్లు కంగారుపడతారు గాని, పది రూపాయలు ఇచ్చి నవ్వుతూ వెళ్లడమే అక్కడి పద్ధతి.

తిండి విషయానికొస్తే, బొంగులో వంట గిన్నె లేని అడవిలో పుట్టినది. కోడి మాంసానికి ఉప్పు, కారం, మసాలా పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె వేయరు. వెదురులోని తడే మాంసాన్ని ఉడికిస్తుంది. ఇళ్లలో మాత్రం రోజూ తినేది రాగి అంబలి, సామల అన్నం, దుంపలు. వేసవిలో జీలుగు కల్లు ఉంటుంది. చలికాలం మొదట్లో లోయంతా పసుపు పరిచే వలిసెలు నూనెగింజల పంట. చేను తొక్కేస్తున్నారని విసిగిన రైతులు ఫొటోలకు రుసుము పెట్టారు, అది న్యాయమే.

కాఫీని 1898లో బ్రిటిష్ వాళ్లు నాటి గోదావరి జిల్లా పాములేరు లోయలో నాటారు. అది తర్వాత అరకు, పాడేరు కొండలకు వ్యాపించింది. స్వాతంత్ర్యం తర్వాత మొదట అటవీ శాఖ, పిమ్మట పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ పోడుకు ప్రత్యామ్నాయంగా గిరిజనుల చేత చిన్న చిన్న తోటలు వేయించాయి. సిల్వర్ ఓక్ నీడ, దాని మొదలుకు అల్లుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. చలికాలంలో ఎర్రబడ్డ పళ్లను ఏరి ఏరి చేత్తో కోయాలి. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంత పేరొచ్చాక కూడా లోయ బయటివాళ్ల పాలు కాకపోవడానికి భూ చట్టం ప్రధాన కారణం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను సవరించిన 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. బొర్రా పరిసర గ్రామాల్లో గనుల లీజుల మీద సాగిన వ్యాజ్యమే సమతా కేసు. ఆదివాసీ ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు అందులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాకపోతే గుహల పక్క కొండలు ఈపాటికి సున్నపురాయి గుంతలయ్యేవేమో. బినామీ పేర్లతో హోటళ్లు లేస్తున్నాయన్న ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. కాబట్టి బస ఎంచుకునేటప్పుడు, ఆ ఇల్లు, ఆ స్థలం ఎవరివో కనుక్కోవడం అరకు వెళ్లేవాళ్లు చేయాల్సిన మొదటి పని. ఊళ్లోని గిరిజన కుటుంబం ఇంటి గదిలో దిగి, వాళ్లు వండింది తిని, తోటలో కాఫీ పళ్లు కోయడానికి వాళ్లతో వెళితే అద్దె, కూలి, భోజనం సొమ్ము ఆ గడపలోనే ఉంటాయి.