ఏ పుస్తకం చదవమంటారు?

అమెరికా వైద్యవిద్య చరిత్ర తెలిసినవారికి ఫ్లెక్స్‌నర్ అన్న ఇంటిపేరు కొత్త కాదు. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ వెలువరించిన నివేదిక ఎన్నో వైద్య కళాశాలల మూతకు దారితీసింది. నల్లజాతి విద్యార్థులకున్న ఏడు కళాశాలల్లో ఐదు ఆ తరువాత నిలవలేదు. ఏబ్రహాం పెద్దన్న జేకబ్ లూయివిల్‌లో మందుల దుకాణం నడిపి, ఆ రాబడితో తమ్ముణ్ణి జాన్స్ హాప్‌కిన్స్‌లో చదివించాడు. పిమ్మట తానూ వైద్యుడయ్యాడు. ఈ జేకబ్ కుమార్తె జెన్నీ ఫ్లెక్స్‌నర్‌ను మాత్రం గ్రంథాలయ వృత్తి వెలుపల ఎరిగినవారు అరుదు. ‘ఏ పుస్తకం చదవమంటారు?’ అని అడిగిన అపరిచితునికి ఏమని బదులివ్వాలన్నదే ఆమె జీవితకాలపు కృషి.

ఆ ప్రశ్నను వృత్తిధర్మంగా తొలుత గుర్తించినవాడు వూస్టర్ నగర గ్రంథాలయాధికారి శామ్యూల్ గ్రీన్. 1876లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ గ్రంథాలయ సంఘం పుట్టిన సభలో ఆయన ఒక ప్రసంగం చదివాడు. కొనకుండా వెళ్ళిపోతున్న బేరాన్ని చూస్తే దుకాణదారు ప్రాణం ఎంత ఉసూరుమంటుందో, సమాధానం దొరకక వెనుదిరిగే పాఠకుణ్ణి చూస్తే గ్రంథపాలకునికీ అంతే కావాలన్నాడు. మాట బాగుంది. అయితే ఆ తరంవారికి పాఠకుని కోరికపై అంత గౌరవం లేదు. నవల చదివేవాణ్ణి మెట్టుమెట్టుగా చరిత్రకూ శాస్త్రానికీ ఎక్కించాలన్నదే వారి పట్టుదల. జనం ఎగబడి చదివే కొందరు రచయితల నవలలను అనుమతిస్తున్నారా అని 1881లో ఆ సంఘమే గ్రంథాలయాలను వాకబు చేసింది. వారి సలహాలో సగం హితబోధే.

1925 నుంచి అదే సంఘం విషయానికొకటి చొప్పున చిన్న పుస్తకాలు ప్రచురించింది. ఒక నిపుణుని వ్యాసం, ఆ వెనుక వరుసగా చదవవలసిన కొద్ది గ్రంథాలు. ఉపయోగకరమే కానీ, రోగిని చూడకుండా రాసిన మందుచీటీ వంటిది.

లూయివిల్ గ్రంథాలయంలో పుస్తకాల ఎరువు విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపిన జెన్నీ ఫ్లెక్స్‌నర్ 1928లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయానికి వచ్చింది. మరుసటి ఏడు అక్కడ పఠన సలహా కార్యాలయం తెరిచింది. వచ్చినవారిని తీరికగా కూర్చోబెట్టి మాట్లాడించడం అక్కడి పద్ధతి: ఏం చదువుకున్నారు, ఏ పని చేస్తున్నారు, రోజుకెంత సమయం దొరుకుతుంది, ఇంతకుముందు చదివినవాటిలో ఏది నచ్చింది. ఆ సంభాషణ తరువాతే, ఆ ఒక్కరి కోసమే పుస్తకాల జాబితా తయారయ్యేది. మంచి వైద్యుడు రోగి వృత్తాంతం రాసుకునే తీరు ఇదే. ఇంటిగాలి అనుకోవచ్చునేమో.

కార్యాలయం తెరిచిన ఏడాదే ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. పని పోయినవారు, కొత్త పని నేర్వదలచినవారు గ్రంథాలయాల బాట పట్టారు. 1930ల చివర నాజీల బారినుండి తప్పించుకున్న శరణార్థులు న్యూయార్క్ చేరారు. స్వదేశంలో పండితుడే అయినా, కొత్త భాషలో పసివాడైనవాని చేతిలో ఏ పుస్తకం పెట్టాలి? బాలశిక్ష ఇస్తే అవమానం, ఉద్గ్రంథం ఇస్తే నిరుత్సాహం. దేశం మారిన ప్రతివారికీ తెలిసిన ఇబ్బంది ఇది. జెన్నీ ఫ్లెక్స్‌నర్ దాన్ని వృత్తి సమస్యగా పట్టించుకుంది. అయితే ఆమె కార్యాలయమూ స్వయంవిద్య కోరేవారిదే. రాత్రి నిద్రపట్టేందుకు ఒక మంచి అపరాధపరిశోధన నవల కావాలన్నవారికి అక్కడ పెద్ద పీట లేదు. 1944లో ఆమె మరణించాక ఈ సేవ అమెరికా అంతటా క్రమంగా సన్నగిల్లింది.

1931లో మద్రాసులో రంగనాథన్ ప్రకటించిన పంచసూత్రాల్లో పాఠకునికి పుస్తకాన్నీ, పుస్తకానికి పాఠకుణ్ణీ చేర్చడం రెండు సూత్రాలు. నడుమ మనిషి లేనిదే ఆ రెండూ నెరవేరవు. 1914 నాటి బెజవాడ సభ మొదలు కృష్ణా కాలువల్లో తిరిగిన పడవ గ్రంథాలయాల దాకా మన ఉద్యమ చరిత్రలు స్థాపకులను, దాతలను, భవనాలను శ్రద్ధగా స్మరిస్తాయి. పుస్తకం అందించిన మనిషికీ అందుకున్న మనిషికీ మధ్య నడిచిన మాట వాటిలో బహు తక్కువ. ఇది చిన్న లోటు కాదు.

నవలాపాఠకునికి న్యాయం ఆలస్యంగా జరిగింది. చదివే అభిరుచికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదని 1982లో బెట్టీ రోజెన్‌బర్గ్ తేల్చిచెప్పింది. 1989లో షికాగో శివారు డౌనర్స్ గ్రోవ్ గ్రంథాలయానికి చెందిన జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ కలిసి రాసిన పుస్తకం సలహాదారు ప్రశ్ననే మార్చింది. ఏ విషయం కావాలని కాక, నచ్చిన పుస్తకమొకటి గురించి చెప్పమని అడగాలన్నారు. పాఠకుడు చెప్పే తీరులోనే కథ నడకా, పాత్రలా, వాతావరణమా, ఏది అతణ్ణి పట్టిందో తెలుస్తుంది. సంగీతానికీ ఇదే వర్తిస్తుంది: పాట నచ్చిందన్నవారికి నచ్చింది రాగమే కానక్కరలేదు, లయ కావచ్చు, గొంతు కావచ్చు.

ఇంత తెలుసుకున్నాక దాన్ని దాచడం మరో సమస్య. 2001లో వచ్చిన పేట్రియట్ చట్టంలోని 215వ సెక్షన్ ప్రకారం గ్రంథాలయ రికార్డులను కూడా ప్రభుత్వం కోరే వీలు కలిగింది. గ్రంథపాలకులు గట్టిగా ఎదిరించారు. పాఠకుని అభిరుచి, రోగి రహస్యం వలె, బయటపెట్టరానిదని వారి వాదన. పుస్తకం తిరిగి రాగానే, దాన్ని ఎవరు తీసుకున్నారన్న జాడను చాలా గ్రంథాలయాలు చెరిపివేస్తాయి. కనుక బల్ల వెనుక కూర్చున్న మనిషికి పాఠకుని గతం తెలియదు. ఈమధ్య ఏం చదివారు, ఎలా ఉంది, అని ప్రతిసారీ అడిగే తెలుసుకోవాలి.