మాట్టుతావణి నుంచి హంపికి: ఏ దారిన పోదాం?

మా ఇంటి నుంచి మాట్టుతావణి నడిచిపోయేంత దూరం. అరవంలో ఆ మాటకు పశువుల సంత అని అర్థం. ఎద్దులు చేతులు మారిన తావులో ఇప్పుడు మధురై పెద్ద బస్టాండు ఉంది. ఎనభై దాటిన మా అవ్వ ఆ బస్సులు చూసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "అందరూ ఎక్కడెక్కడికో పోతున్నారే, మనం వచ్చిన తావుకు ఒక్కసారన్నా పోవద్దా?"

వచ్చిన తావు ఏది? ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. చరిత్ర చెప్పేది ఇంత. 14వ శతాబ్దిలో విజయనగర యువరాజు కుమార కంపన మధురై సుల్తానులను ఓడించాడు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు ఇక్కడ పాలన చేపట్టాడు. ఆయన కాలంలోనే 72 పాళెయాల ఏర్పాటు మొదలైంది. కొందరు సైన్యంతో వచ్చారు. నల్లరేగడి సేద్యం తెలిసిన రైతులు, వర్తకులు కూడా తరతరాలుగా వచ్చి నిలిచారు. అందుకే తెలియని ఊరిని వెతకడం మాని, విజయనగరం వైపు దారినే చూద్దామనుకున్నాము. గమ్యం హంపి, సుమారు 800 కిలోమీటర్లు.

పోయే మార్గాలు మూడు. మొదటిది రైలు. 2024లో వచ్చిన వందే భారత్‌లో తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి బెంగళూరు. రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే పొద్దునకు హోసపేట. అవ్వ మోకాళ్లకు ఇదే సుఖం. రెండోది కారులో బెంగళూరు, తుమకూరు, చిత్రదుర్గం మీదుగా. రోడ్డు బాగుంటుంది కానీ ఆంధ్రదేశం తగలనే తగలదు. మూడోది 44వ జాతీయ రహదారి పట్టి పెనుకొండ, అనంతపురం, అక్కడి నుంచి బళ్లారి. కాస్త చుట్టు.

మేమందరం రైలే మేలన్నాము. అవ్వ ఒప్పుకోలేదు. "రాత్రి రైల్లో పండుకుంటే దారి ఎట్లా కనబడుతుంది?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

సరే, కారే. అయితే బాటసారికి విడిది ఎంత అవసరమో రాణి మంగమ్మ ఊళ్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1689 నుంచి 1706 వరకు ఏలిన ఆమె బాటలు వేయించి సత్రాలు కట్టించింది. మధురై రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరిట సత్రం ఇప్పటికీ ఉంది. ఆ లెక్కనే రెండు గంటలకొకసారి ఆగేట్టు పథకం వేసుకున్నాము. మొదటి రోజు దిండిగల్, కరూరు, సేలం, కృష్ణగిరి మీదుగా పోయి హోసూరులో బస. రెండో రోజు తెల్లవారకముందే బెంగళూరు దాటేస్తే ట్రాఫిక్కు బెడద ఉండదు. ఆపైన లేపాక్షి. ఆ గుడి అచ్యుతరాయల కాలంనాటిది, విశ్వనాథుడు మధురైలో నిలదొక్కుకుంటున్న రోజులవి. తర్వాత పెనుకొండ. 1565 యుద్ధంలో హంపి పాడైనాక రాజధాని అక్కడికే మారింది. ఆ రాత్రి అనంతపురంలో పడక, మూడో రోజు హంపి.

ఇంకొక సంగతి. అవ్వ పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడింది, చదవడం మాత్రం రాదు. మేమూ పెద్దయ్యాకే అక్షరాలు దిద్దుకున్నాము. బాగేపల్లి వరకు బోర్డులు కన్నడంలో ఉంటాయి. కొడికొండ చెక్‌పోస్టు దాటగానే తెలుగు అక్షరాలు మొదలు. అక్కడ బండి ఆపి, మొదటి బోర్డు అవ్వకు చదివి వినిపించాలి. టీ అంగడి బోర్డయినా సరే.