ఆరోగ్యశ్రీ: గోదావరి జిల్లాల్లో చరిత్ర, వాదవివాదాలు

పేద కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్సను ఉచితంగా అందించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ. స్వయంగా వైద్యుడైన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి దీన్ని 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టారు. డిసెంబరు 5న ఉభయ గోదావరి జిల్లాలకు విస్తరించడంతో, అప్పట్లో పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరుకూ వచ్చింది.

అంతకుముందు గుండె ఆపరేషనంటే పొలం అమ్ముకోవడమో, ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడటమో. ఈ పథకం వచ్చాక తెల్లకార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50,000 వరకు ప్రభుత్వమే భరించింది. ఆ ఊరటను తక్కువచేసి చూడకూడదు.

కొవ్వూరు రోగికి పెద్ద వైద్యమంటే గోదావరి దాటడమే. రోడ్డు కం రైలు వంతెన మీదుగా రాజమండ్రి చేరి, పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగులకు దారిచూపే ఆరోగ్యమిత్రకు కార్డు చూపించాలి. రిపోర్టులు చూసి, పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్లు అనుమతిస్తేనే ఆపరేషన్. ప్యాకేజీ ధర ముందే ఖరారవుతుంది. పరీక్షలు, మందులు, భోజనం, తిరుగు ప్రయాణం చార్జీ, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు అందులోనే. ఖర్చుకు అది కళ్లెం. కానీ రోగి మరో నాలుగు రోజులు మంచంమీద ఉండాల్సొస్తే ఆ భారం ఆసుపత్రిది. త్వరగా పంపించేయాలన్న ఒత్తిడి అక్కడే పుడుతుంది. ఇంకోవైపు, అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు రావడంతో ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు.

డబ్బు ఎటు పోతోందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఈ నమూనా ప్రైవేటు రంగానికే మేలు చేస్తోందని వాదించారు. ఆ వాదనలో బలముంది. జ్వరం, బీపీ, షుగరుకు జనం వెళ్లేది ఊళ్లోని ఆసుపత్రికే. నిధులేమో నగరాల్లోని శస్త్రచికిత్సలకు చేరాయి.

తెలుగుదేశం ప్రభుత్వం దీన్ని ఎన్టీఆర్ వైద్యసేవగా మార్చి పరిమితిని రెండున్నర లక్షలకు పెంచింది. ప్రభుత్వం మారాక, 2020 జనవరి 3న ఏలూరులో మొదలైన ప్రయోగాత్మక దశలో బిల్లు 1,000 రూపాయలు దాటితే చాలు, 2,059 చికిత్సలకు పథకం వర్తించింది. అదీ పశ్చిమ గోదావరిలోనే. 2023 డిసెంబరుకు పరిమితి 25 లక్షలైంది. హామీ పెరిగినంత వేగంగా చెల్లింపులు జరగలేదు. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు ఆపినప్పుడు నష్టపోయింది కార్డు పట్టుకుని వచ్చిన రోగి.

దానికి నెల ముందే మంత్రివర్గం కొత్త పద్ధతిని ఆమోదించింది: రెండున్నర లక్షల వరకు బీమా సంస్థలు, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు. 2007లో స్టార్ హెల్త్ బీమా సంస్థతో మొదలైన బీమా దారి అలా మళ్లీ తెరుచుకుంది.