ఒంటి మీది రామనామం: ఛత్తీస్‌గఢ్ రామనామీల దైవసాన్నిధ్య భావన

కష్టకాలంలో దేవుడు తోడున్నాడన్న నమ్మకాన్ని మనసుకు దొరికే ఊరటగానే చాలామంది లెక్కగడతారు. రాయపూర్‌కు ఈశాన్యాన, మహానది ఒడ్డు పల్లెల్లో బతికే రామనామీల చరిత్ర ఆ లెక్కకు లొంగదు. గురు ఘాసీదాస్ గిరౌద్‌పురి నుంచి విగ్రహం లేని సత్‌నామాన్ని బోధించిన ప్రాంతమిది. రామనామీల్లో ఎక్కువమంది ఆయనను అనుసరించిన సత్నామీ కుటుంబాల నుంచి వచ్చిన దళితులే. 1890ల్లో చార్‌పారా గ్రామానికి చెందిన పరశురామ్ చుట్టూ వీరొక సమాజంగా ఏర్పడి, దేవనాగరి లిపిలో రామనామాన్ని ఒంటి మీద పచ్చబొట్టుగా పొడిపించుకున్నారు. దేవుడు అంతటా ఉన్నాడన్న తత్త్వం వీరికి కొత్త కాదు. ఆయనను చేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న తెగింపే వీరికి అసలు ఊరట అయిందని ఈ వ్యాసం వాదన.

గుడిలోకి రానివ్వనందుకు నిరసనగా పచ్చబొట్లు మొదలయ్యాయని పత్రికలు రాస్తుంటాయి. సమాజం లోపల చెప్పుకునే కథ వేరు: పరశురామ్‌కు కుష్టు వంటి రోగం వచ్చింది, ఒక సాధువు దర్శనం తరువాత అది నయమై, ఛాతీ మీద రామనామం వెలిసింది. మహిమను చరిత్ర నిర్ధారించలేదు. అయినా రెండు కథలూ ఒకచోటే కలుస్తున్నాయి. రోగమైనా అంటరానితనమైనా మనిషిని వెలివేసింది దేహాన్ని చూపించే. ఆ దేహమే ఇక్కడ దేవుడి చోటైంది. పైగా అది 1896–97, 1899–1900 కరువులు మధ్య పరగణాలను కుంగదీసిన కాలం. దీపపు మసిని నీళ్లలో కలిపి సూదులతో పొడిచే పని రోజుల తరబడి సాగేది. నుదుటి మీద రెండు నామాలుంటే శిరోమణి, ఒళ్లంతా ఉంటే నఖశిఖ రామనామి. నొప్పి తగ్గించుకోవాలనుకునేవాడు ఇంత నొప్పిని కోరి తెచ్చుకోడు. కాబట్టి ఈ ఊరటను బాధ నుంచి పారిపోవడమనలేం.

మార్క్స్ 1844లో మతాన్ని నల్లమందుతో పోల్చాడు. దైవసాన్నిధ్యం కష్టాన్ని మరిపించి, కష్టపెట్టేవాడిని వదిలేస్తుందన్న ఆక్షేపణ ఇక్కడా ఎదురవుతుంది. దీనికి జవాబు రామనామీల భజనలోనే ఉంది. వారు తులసీదాసు రామచరితమానస్ పాడతారు గానీ, అంతా పాడరు. బ్రాహ్మణాధిక్యాన్ని పొగిడే, కింది కులాలను కించపరిచే పద్యాలను వదిలేస్తారు. పరిశోధకుడు రామ్‌దాస్ లాంబ్ 2002 నాటి తన గ్రంథంలో ఈ ఏరివేతను వివరంగా నమోదు చేశాడు. మత్తులో ఉన్నవాడు గ్రంథాన్ని ఇలా సవరించలేడు. భక్తితో సామాజిక స్థితి మారదన్న, అంబేడ్కర్ వైపు నుంచి వచ్చే ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. 1930లో నాసిక్ కాలారామ్ మందిర సత్యాగ్రహం నడిపిన ఆయనే 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాడు. నామం భూమినివ్వలేదు, కులాన్ని కూల్చలేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే గుడి తలుపు తెరవమని అడగడం వేరు, తలుపుతో పనిలేదనడం వేరు. రామనామీలది రెండోది. దాని ఫలితాన్ని మొదటిదాని కొలతతో కొలవడం న్యాయం కాదు.

మన భద్రాచల రామదాసుతో పోలిస్తే తేడా ఇంకా తేటపడుతుంది. రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో రాముణ్ణి నిలదీశాడు, నిష్ఠూరమాడాడు. నగల లెక్క కూడా అప్పజెప్పాడు. అక్కడ ఊరట ఎదుటనున్నవాడితో పోట్లాడగల చనువులో ఉంది. రూపం లేని నిర్గుణ రాముణ్ణి ఒంటి మీదే ధరించిన రామనామికి పోట్లాడటానికి ఎదుట ఎవరూ లేరు. అతని పోట్లాటంతా మనుషులతోనే. అయితే నేటి రామనామీ యువత పచ్చబొట్టుకు వెనకాడుతోంది. ఉద్యోగానికీ వలసకూ అది అడ్డమన్న లెక్క అందులో ఉంది. దీన్ని విశ్వాసక్షయమనడం తొందరపాటు. నామం అచ్చయిన ఓఢ్నీ (పైవస్త్రం), నెమలి ఈకల కిరీటం, పుష్యమాసపు భజన మేళా ఇంకా నిలిచే ఉన్నాయి. కాకపోతే ఓఢ్నీని విప్పి మడతపెట్టవచ్చు. తీయడానికి వీల్లేని గుర్తే తాతలకు బలమైతే, తీసి పెట్టగల గుర్తుతో మనవలు అదే ధైర్యం పొందగలరా అన్నది ఇకముందు క్షేత్ర పరిశోధన తేల్చాల్సిన ప్రశ్న.