అయితే

తెలుగులో షరతు క్రియకి తోకలా అంటుకుంటుంది. వస్తే, తింటే, చూస్తే. మన వ్యాకరణాలు దీన్ని చేదర్థకం అన్నాయి. అందులోని ‘చేత్’ కూడా సంస్కృతంలో వాక్యం మొదట నిలిచే మాట కాదు. ‘అవు’ ధాతువుకి ఆ తోక తగిలితే ‘అయితే’.

చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో షరతు పెట్టే ‘ఇఫ్’ మాత్రం ముందే కూర్చుంటుంది. 1957 నాటి ఫోర్‌ట్రాన్‌లో దాని వెనక మూడు నంబర్లుండేవి: విలువ రుణమైతే మొదటి నంబరు లైనుకి, సున్నా అయితే రెండోదానికి, ధనమైతే మూడోదానికి గెంతడమే. మొదటి మాటలోనే ఇది ఏ రకం వాక్యమో తేలిపోతే కంపైలర్ రాసేవాళ్లకి సుఖం. మనకీ అలాంటి ముందస్తు కబురు ఒకటుంది, ‘ఒకవేళ’. అది లేకపోయినా వాక్యానికి లోటు రాదు, పనంతా తోకదే.

తెలుగులో ప్రోగ్రామింగ్ భాష ఒకటి చేద్దామని, ఈ సంగతి పట్టించుకోకుండా ‘ఇఫ్’ తీసి అక్కడ ‘అయితే’ పెడితే ఏమవుతుంది? ‘అయితే (మార్కులు >= 35)’. తెలుగువాళ్లకి అది ‘కానీ’లా వినిపిస్తుంది. ‘మార్కులు >= 35 అయితే’ అనాలి. కంప్యూటర్లకి ఈ వరస కొత్తేమీ కాదు. అడోబీ వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్‌లో షరతు ముందు, చెయ్యాల్సిన పనులు తర్వాత, ‘ఇఫెల్స్’ అన్నిటికన్నా చివర.

అసలు రుచి, షరతు తప్పితే ఏం చెయ్యాలో చెప్పే ‘ఎల్స్’ దగ్గరుంది. షరతులో షరతు పెట్టి ఒక్క ఎల్స్ రాస్తే అది ఎవరిది? ఆల్గోల్ 60 ఆ గొడవే వద్దని ‘దెన్’ వెనకే ఇంకో ఇఫ్ రాయనివ్వలేదు. సీ భాష దగ్గరి ఇఫ్‌కి కట్టబెట్టింది. ఆల్గోల్ 68 ప్రతి ఇఫ్‌నీ తిరగేసిన ‘ఫి’తో ముగించింది. (యూనిక్స్‌లో బోర్న్ షెల్ కూడా అదే పద్ధతి తీసుకుంది. లూపుల్లోని ‘డూ’నీ అలాగే తిరగేద్దామంటే ‘ఓడీ’ అనే కమాండ్ అప్పటికే ఉంది, అందుకని ‘డన్’తో సరిపెట్టుకుంది.)

ఇళ్లలో మాటలు వినండి. ‘బావ వస్తే, కారుంటే, అన్నవరం వెళ్దాం. రాకపోతే ఇంట్లోనే.’ ఆ ‘రాకపోతే’ బావ గురించేనని పిల్లలకీ తెలుసు. ‘లేకపోతే బస్సులో’ అన్నారా, అది కారు సంగతి. ఏ క్రియతో షరతు పెట్టామో దాని వ్యతిరేకరూపమే మన ఎల్స్. ఫి అక్కర్లేదు.

కోడ్‌లో ఈ సౌకర్యం నిలవదు. అక్కడ రావడాలు, ఉండటాలు లేవు. ఎక్కువ, తక్కువ, సమానం, అంతే. అన్ని షరతులూ ‘అయితే’తో ముగుస్తాయి, అన్నిటికీ ఎదురు ‘కాకపోతే’ ఒక్కటే. రెండు ‘అయితే’ల కింద ఒక ‘కాకపోతే’ పడిందంటే పాత పేచీ మళ్లీ మొదటికొస్తుంది. నన్నడిగితే షరతుకే పేరు పెట్టనివ్వాలి. ‘పాసు’ అంటే మార్కులు 35కి తగ్గకపోవడం అని పైన ఒక లైను, కింద ‘పాసు అయితే’ ఒక పని, ‘పాసు కాకపోతే’ ఇంకో పని. ఏ కాకపోతే ఎవరిదో ఆ పేరే చెబుతుంది.